ఏఎస్/400లో ప్రింట్ తప్పు ప్రింటర్‌కి పోతుంటే: స్పూల్ ఫైల్ దారి పట్టుకునే పద్ధతి

"ఇన్వాయిస్ అకౌంట్స్ ప్రింటర్‌కి రావాలి, గోదాము ప్రింటర్‌లో వస్తోంది." "రిపోర్ట్ రన్ అయింది, పేపర్ మాత్రం రాలేదు." ఐబీఎమ్ ఐ (ఐబీఎమ్ కంపెనీ బిజినెస్ సర్వర్ సిస్టమ్) మీద కొత్తగా సపోర్ట్ పని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ రెండింటి గురించే. ప్రింటర్ ఏ దేశంలోనో ఉంటుంది, మనం హైదరాబాద్‌లో స్క్రీన్ ముందు ఉంటాం. లేచి వెళ్లి ట్రే చూసే వీలు లేదు కాబట్టి టెన్షన్ సహజం.

ఇప్పటికీ చాలామంది ఏఎస్/400 అనే పిలిచే ఈ సిస్టమ్‌లో ప్రింట్‌కి నిర్ణీతమైన దారి ఉంది. ప్రోగ్రామ్ ప్రింటర్ ఫైల్‌లోకి (ప్రింట్ ఎలా, ఎక్కడికి పోవాలో చెప్పే సెట్టింగులున్న ఫైల్) రాస్తుంది. అది స్పూల్ ఫైల్‌గా (ప్రింట్ కోసం ఆగి ఉన్న అవుట్‌పుట్) ఒక అవుట్ క్యూలో (అలాంటి ఫైళ్ల వరస) పడుతుంది. ఆ క్యూకి తగిలించిన రైటర్ అనే సిస్టమ్ ప్రోగ్రామ్ దాన్ని ప్రింటర్‌కి పంపుతుంది. ఈ దారిని వరసగా చూసుకుంటూ వెళితే తప్పు ఎక్కడో దొరుకుతుంది. వరస వదిలేసి కనబడ్డ సెట్టింగల్లా మారిస్తే ఒక రిపోర్ట్ బాగుపడి ఇంకో నాలుగు చెడిపోతాయి.

కమాండ్ల పేర్లను ఇక్కడ మనం నోటితో చెప్పుకునేలా రాశాను: వర్క్ స్పూల్ ఫైల్, ఓవర్‌రైడ్ ప్రింటర్ ఫైల్, ఇలా. స్టార్ జాబ్ లాంటి విలువల్లో స్టార్ అంటే ముందు వచ్చే * గుర్తు. టైప్ చేయాల్సిన పొట్టి రూపం గుర్తు రాకపోతే కమాండ్ లైన్‌లో గో మేజర్ అని కొట్టండి, కమాండ్ గ్రూపుల మెనూ వస్తుంది. ఏ కమాండ్ మీదైనా ఎఫ్4 నొక్కితే పారామీటర్లన్నీ కనబడతాయి.

1. ఏదీ ముట్టుకోకముందు రాసుకోవాల్సినవి

ఫిర్యాదు చేసినవారిని ఇవి అడగండి. జవాబులు లేకుండా మొదలుపెట్టొద్దు.

- సైన్ ఆన్ అయిన యూజర్ ఐడీ
- ఏ మెనూ, ఏ ఆప్షన్ నుంచి రిపోర్ట్ తీశారు
- సుమారుగా ఎన్ని గంటలకు
- స్క్రీన్ మీదే నడిచిందా, బ్యాచ్‌కి సబ్మిట్ అయిందా
- ఏ ప్రింటర్‌కి రావాలి, ఎక్కడికి వచ్చింది
- నిన్నటిదాకా సరిగా వచ్చేదా, మొదటినుంచీ ఇంతేనా
- అదే రిపోర్ట్ ఇంకో యూజర్ తీస్తే ఎలా వస్తోంది

చివరి ప్రశ్న చాలా పని తగ్గిస్తుంది. అందరికీ తప్పుగా వస్తుంటే ప్రోగ్రామ్‌నీ ప్రింటర్ ఫైల్‌నీ అనుమానించాలి. ఒక్కరికే అయితే వారి ప్రొఫైల్ (యూజర్ ఐడీ సెట్టింగులు), జాబ్ డిస్క్రిప్షన్ (జాబ్ అంటే సిస్టమ్‌లో నడిచే ఒక్కో పని, దాని సెట్టింగులు), వర్క్ స్టేషన్ (టెర్మినల్) వైపు చూడాలి.

2. స్పూల్ ఫైల్‌ని పట్టుకోండి

"పేపర్ రాలేదు" అన్న మాట వెనక మూడు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు. స్పూల్ ఫైలే తయారవలేదు, తయారై వేరే క్యూలో పడింది, సరైన క్యూలోనే ఉంది కానీ ప్రింట్ కావడం లేదు. వీటిలో ఏదో తేల్చుకోవడమే మొదటి పని.

వర్క్ స్పూల్ ఫైల్ కమాండ్ ఇచ్చి యూజర్ పేరుతో వెతకండి. ఫైల్ కనబడితే 8 ఆప్షన్‌తో దాని అట్రిబ్యూట్లు తెరవండి. జాబ్ పేరు, ప్రింటర్ ఫైల్ పేరు, అవుట్ క్యూ, ఫారం టైప్, స్టేటస్ అన్నీ అక్కడే ఉంటాయి. వీటిని రాసి పెట్టుకోండి, తర్వాతి అడుగులన్నిటికీ ఇవే ఆధారం.

కనబడకపోతే ఈ వరసలో వెతకండి:

- జాబ్ వేరే యూజర్ పేరు మీద నడిచిందేమో, ఆ యూజర్ పేరుతో.
- క్యూజీపీఎల్ లైబ్రరీలోని క్యూప్రింట్ అవుట్ క్యూలో. దారి సరిగా సెట్ చేయని రిపోర్టులు చాలా సిస్టమ్‌లలో అక్కడే పోగుపడి ఉంటాయి.
- వెబ్ నుంచో ఎస్‌క్యూఎల్ కనెక్షన్ ద్వారానో ప్రోగ్రామ్ నడిచి ఉంటే, క్యూపీఆర్‌టీజాబ్ అనే జాబ్ పేరు కింద. సర్వర్ జాబ్ వేరే యూజర్ తరఫున పనిచేసినప్పుడు స్పూల్ ఫైల్ ఆ యూజర్ పేరుతో ఉన్న ఈ జాబ్‌కి చేరుతుంది. సర్వర్ జాబ్‌లో ఎంత వెతికినా దొరకదు.
- ఎక్కడా లేకపోతే జాబ్ లాగ్‌లో. ప్రింటర్ ఫైల్ ఓపెన్ దగ్గరే ఎర్రర్ వచ్చిందా, అవుట్ క్యూ మీద యూజర్‌కి అథారిటీ లేదా, అసలు రిపోర్ట్‌కి రికార్డులే రాలేదా అన్నది అక్కడ తెలుస్తుంది.

ప్రింట్ అయిన వెంటనే స్పూల్ ఫైల్ మాయమైపోవడం మామూలే. ప్రింటర్ ఫైల్‌లో సేవ్ పారామీటర్ డిఫాల్ట్‌గా నో ఉంటుంది. పరీక్ష చేసేటప్పుడు ఓవర్‌రైడ్‌తో (ఫైల్‌ని ముట్టుకోకుండా దాని విలువలను తాత్కాలికంగా మార్చే కమాండ్) దాన్ని యెస్ చేయండి. అప్పుడు ప్రింట్ అయ్యాక కూడా ఫైల్ క్యూలో మిగులుతుంది, ఏ దారిన వెళ్లిందో చూడొచ్చు.

3. స్టేటస్ ఏం చెబుతోందో చదవండి

- ఆర్‌డీవై: సిద్ధంగా ఉంది, రైటర్ కోసం ఎదురుచూస్తోంది. నేరుగా 8వ అడుగుకి వెళ్లండి.
- హెచ్ఎల్‌డీ: హోల్డ్‌లో ఉంది. ఎవరైనా హోల్డ్ చేశారా, ప్రింటర్ ఫైల్‌లోనే హోల్డ్ యెస్ అని ఉందా చూడండి. 6 ఆప్షన్‌తో రిలీజ్ అవుతుంది.
- ఓపీఎన్: ప్రోగ్రామ్ ఇంకా ఫైల్‌ని మూయలేదు. రిపోర్ట్ అయిపోయిందని యూజర్ అంటున్నా ఇది కనబడితే 6వ అడుగు చదవండి.
- సీఎల్ఓ: ప్రోగ్రామ్ మూసింది, కానీ ప్రింటర్ ఫైల్‌లో షెడ్యూల్ పారామీటర్ స్టార్ జాబ్ ఎండ్ అని ఉంది. యూజర్ సైన్ ఆఫ్ అయ్యేదాకా కదలదు. దీన్ని స్టార్ ఫైల్ ఎండ్‌కి మార్చాలి.
- ఎంఎస్‌జీడబ్ల్యూ: రైటర్ ఏదో అడిగి జవాబు కోసం ఆగింది. 7 ఆప్షన్‌తో మెసేజ్ చూడండి.
- ఎస్ఏవీ: ప్రింట్ అయింది, సేవ్ అయింది. సిస్టమ్ లెక్కలో పని అయిపోయినట్టే, ఇక చూడాల్సింది ప్రింటర్ దగ్గర.

4. అవుట్ క్యూని ఎవరు నిర్ణయిస్తున్నారు

ఇక్కడ నిదానంగా చదవండి. తప్పు క్యూ సమస్యల్లో ఎక్కువ భాగం ఈ వరస తెలియకే తేలవు.

ఫైల్ ఓపెన్ అయ్యే క్షణంలో సిస్టమ్ మొదట ప్రింటర్ ఫైల్‌లోని అవుట్ క్యూ పారామీటర్ చూస్తుంది (ఓవర్‌రైడ్ ఉంటే దాని విలువ). అక్కడ మూడు రకాల విలువలు ఉండొచ్చు.

- నేరుగా ఒక అవుట్ క్యూ పేరు. ఉంటే అక్కడితో సరి, ఇంకేదీ చూడదు.
- స్టార్ డెవ్. అప్పుడు డివైస్ పారామీటర్‌లోని ప్రింటర్ పేరు ఏదో, అదే పేరున్న అవుట్ క్యూకి పోతుంది.
- స్టార్ జాబ్. ఇదే డిఫాల్ట్. అప్పుడు జాబ్‌కి ఉన్న అవుట్ క్యూకి పోతుంది.

మరి జాబ్‌కి అవుట్ క్యూ ఎక్కడినుంచి వచ్చింది? ఇంటరాక్టివ్ జాబ్ (యూజర్ స్క్రీన్ మీదే నడిచేది) అయితే మొదట జాబ్ డిస్క్రిప్షన్ చూస్తుంది. అక్కడ మామూలుగా స్టార్ యూజర్ ప్రొఫైల్ అని ఉంటుంది కాబట్టి ప్రొఫైల్‌కి వెళుతుంది. ప్రొఫైల్‌లో స్టార్ వర్క్ స్టేషన్ అని ఉంటే టెర్మినల్ డివైస్ డిస్క్రిప్షన్‌కి వెళుతుంది. అక్కడ కూడా ప్రత్యేకంగా ఏమీ లేకపోతే చివరికి క్యూపీఆర్‌టీడెవ్ సిస్టమ్ వాల్యూలో ఉన్న ప్రింటర్ పేరు దగ్గర తేలుతుంది.

ఈ వరస మొత్తం జాబ్ మొదలైనప్పుడే తేలిపోతుంది. అందుకే యూజర్ ప్రొఫైల్‌లో అవుట్ క్యూ మార్చి "మళ్లీ ప్రయత్నించండి" అంటే ఏమీ మారదు. యూజర్ సైన్ ఆఫ్ అయి మళ్లీ సైన్ ఆన్ కావాలి. వెంటనే కావాలంటే ఛేంజ్ జాబ్ కమాండ్‌తో ఆ జాబ్ అవుట్ క్యూ మార్చాలి. అది కూడా తర్వాత ఓపెన్ అయ్యే ఫైళ్లకే వర్తిస్తుంది. ఇప్పటికే తయారైన స్పూల్ ఫైల్‌ని వర్క్ స్పూల్ ఫైల్ స్క్రీన్‌లో 2 ఆప్షన్‌తో విడిగా మార్చుకోవాలి.

నడుస్తున్న జాబ్‌లో నిజంగా ఏముందో చూడాలంటే వర్క్ జాబ్ కమాండ్ ఇచ్చి 2 ఆప్షన్ తీసుకోండి. ప్రింటర్ డివైస్, అవుట్ క్యూ రెండూ అక్కడ ఉంటాయి. ప్రొఫైల్‌లో ఒకటి, ఇక్కడ ఒకటి కనబడితే ప్రొఫైల్‌లోని ఇనిషియల్ ప్రోగ్రామ్‌ని తెరిచి చూడండి. సైన్ ఆన్ కాగానే ఛేంజ్ జాబ్‌తో అవుట్ క్యూ మార్చేసే ప్రోగ్రామ్‌లు పాత సిస్టమ్‌లలో చాలా ఉన్నాయి.

"కొన్ని రోజులు సరిగా వస్తుంది, కొన్ని రోజులు రాదు" అంటే వర్చువల్ డివైస్ పేరుని అనుమానించండి. ఎమ్యులేటర్‌లో (పీసీని టెర్మినల్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్) వర్క్ స్టేషన్ ఐడీ ఇవ్వకపోతే సిస్టమ్ ఖాళీగా ఉన్న క్యూప్యాడెవ్ వరస పేరు ఏదో ఒకటి ఇస్తుంది. ప్రొఫైల్ వర్క్ స్టేషన్ మీద ఆధారపడి ఉంటే, ఆ రోజు దొరికిన డివైస్‌ని బట్టి ప్రింటర్ మారుతుంది. ఎమ్యులేటర్‌లో స్థిరమైన పేరు ఇవ్వండి, లేదా ప్రొఫైల్‌లోనే అవుట్ క్యూ పేరు రాసేయండి. నా ఓటు రెండోదానికి. పీసీ మారినా, ఎమ్యులేటర్ కొత్తగా పెట్టినా అది చెదరదు.

5. డివైస్ మార్చారు, క్యూ మారలేదు

సీఎల్ ప్రోగ్రామ్‌లో (సిస్టమ్ కమాండ్లతో రాసే ప్రోగ్రామ్) ఓవర్‌రైడ్ ప్రింటర్ ఫైల్ కమాండ్ రాశారు అనుకుందాం. ఫైల్ దగ్గర ఇన్వాయిస్ ప్రింటర్ ఫైల్ పేరు, డివైస్ దగ్గర పీఆర్‌టీ02 ఇచ్చి ఊరుకున్నారు. రన్ చేస్తే స్పూల్ ఫైల్ పాత క్యూలోనే పడింది.

ఇందులో సిస్టమ్ తప్పు ఏమీ లేదు. స్పూల్ అయ్యే ఫైల్‌కి అవుట్ క్యూ మాటే చెల్లుతుంది. మీరు డివైస్ మార్చారు గానీ అవుట్ క్యూ పారామీటర్ ఇంకా స్టార్ జాబ్‌గానే ఉంది. జాబ్‌కి ఒక నిర్దిష్టమైన క్యూ ఉంటే డివైస్ పేరుని అది పట్టించుకోదు.

సరిచేయడానికి రెండు మార్గాలు:

- డివైస్ పీఆర్‌టీ02 అని ఇచ్చి, అదే కమాండ్‌లో అవుట్ క్యూ దగ్గర స్టార్ డెవ్ రాయండి.
- లేదా అవుట్ క్యూ దగ్గర లైబ్రరీతో సహా క్యూ పేరే ఇవ్వండి. రిమోట్ అవుట్ క్యూలకి (నెట్‌వర్క్ ద్వారా వేరేచోటికి పంపే క్యూలు) ఇదే సరైన పద్ధతి, ఎందుకంటే వాటికి అదే పేరుతో డివైస్ ఉండకపోవచ్చు.

యూజర్ ప్రొఫైల్‌లోనూ ఇదే కథ. ప్రింటర్ డివైస్ ఒక్కటి మార్చి అవుట్ క్యూలో పాత పేరు వదిలేస్తే ఫలితం ఉండదు. రెండూ కలిపి చూడండి.

6. ఓవర్‌రైడ్ సరిగానే ఉంది, అయినా పనిచేయడం లేదు

కింది కారణాలను ఇదే వరసలో తోసిపుచ్చుకుంటూ వెళ్లండి.

పేరు కలవలేదా? ఓవర్‌రైడ్‌లో ఇవ్వాల్సింది ప్రోగ్రామ్ ఓపెన్ చేసే ప్రింటర్ ఫైల్ పేరు. రిపోర్ట్ పేరో యూజర్ డేటాలో కనబడే పేరో ఇస్తే కమాండ్ ఎర్రర్ ఇవ్వదు, పని కూడా చేయదు. క్వెరీ/400 రిపోర్టులైతే క్వెరీ పేరు కాదు, క్యూపీక్యూయూపీఆర్‌ఫిల్ అనే ప్రింటర్ ఫైల్‌ని ఓవర్‌రైడ్ చేయాలి. స్పూల్ ఫైల్ అట్రిబ్యూట్లలో చూసుకుంటే అనుమానం తీరుతుంది.

ఫైల్ అప్పటికే ఓపెన్‌లో ఉందా? దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మెనూలో గోదాము ఎంచుకుంటే సీఎల్ ఆ గోదాము క్యూకి ఓవర్‌రైడ్ ఇచ్చి, ఆర్‌పీజీ భాషలో రాసిన రిపోర్ట్ ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. మొదటి గోదాము ఎంచుకున్నారు, స్పూల్ ఫైల్ సరైన క్యూలో తయారైంది. వెంటనే రెండో గోదాము ఎంచుకున్నారు. ఆ పేజీలు కూడా మొదటి క్యూలోనే, అదే స్పూల్ ఫైల్ చివర చేరాయి.

ఇప్పుడు వర్క్ జాబ్‌లో 15 ఆప్షన్‌తో ఓవర్‌రైడ్‌లు చూడండి, రెండో క్యూ పేరు సరిగానే కనబడుతుంది. 14 ఆప్షన్‌తో ఓపెన్ ఫైళ్లు చూడండి, ప్రింటర్ ఫైల్ ఇంకా ఓపెన్‌లో ఉంది. స్పూల్ ఫైల్ స్టేటస్ ఓపీఎన్. ఈ మూడూ కలిసి కనబడితే ఇక వెతకనక్కర్లేదు. ఆర్‌పీజీ ప్రోగ్రామ్ ఎల్ఆర్ ఇండికేటర్ (పని పూర్తిగా ముగిసిందని చెప్పే గుర్తు) ఆన్ చేయకుండా తిరిగొస్తోంది, అందుకే ఫైల్ మూతపడలేదు. ఓవర్‌రైడ్ ఓపెన్ సమయంలో మాత్రమే పనిచేస్తుంది. తెరిచి ఉన్న ఫైల్ మీద దాని ప్రభావం ఉండదు.

ప్రోగ్రామ్‌ని ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టడం ఇబ్బంది కాకపోతే ఎల్ఆర్ ఆన్ చేయండి. వేగం కోసం ప్రోగ్రామ్‌ని మెమరీలో ఉంచాల్సి వస్తే ప్రింటర్ ఫైల్‌కి యూజర్ ఓపెన్ కీవర్డ్ పెట్టి, ప్రతి రిపోర్ట్‌కి మీరే ఓపెన్, క్లోజ్ రాయండి. ఆర్‌పీజీ లోపలినుంచే క్యూకమాండ్ ఎగ్జెక్ ద్వారా ఓవర్‌రైడ్ ఇచ్చేవాళ్లకి కూడా యూజర్ ఓపెన్ తప్పనిసరి. లేకపోతే మీ మొదటి లైన్ నడిచేలోపే ఫైల్ తెరుచుకుని ఉంటుంది.

యాక్టివేషన్ గ్రూపులు (ఒక జాబ్ లోపల ప్రోగ్రామ్‌లు నడిచే విడివిడి భాగాలు) వేరా? ఓవర్‌రైడ్ స్కోప్ డిఫాల్ట్ విలువ యాక్టివేషన్ గ్రూప్‌ని బట్టి నడుస్తుంది. డిఫాల్ట్ యాక్టివేషన్ గ్రూప్‌లో నడిచే సీఎల్ ఇచ్చిన ఓవర్‌రైడ్ కాల్ లెవెల్ (ఏ ప్రోగ్రామ్ దేన్ని పిలిచిందన్న వరస) ప్రకారం కింది ప్రోగ్రామ్‌లన్నిటికీ అందుతుంది. సీఎల్ ప్రోగ్రామ్ ప్రత్యేకంగా పేరు పెట్టిన ఒక గ్రూప్‌లో, ఆర్‌పీజీ ఇంకో గ్రూప్‌లో నడిస్తే అందదు. డిస్‌ప్లే ప్రోగ్రామ్ కమాండ్‌తో రెండింటి యాక్టివేషన్ గ్రూపులూ చూడండి. ఆర్‌పీజీని స్టార్ కాలర్‌తో కంపైల్ చేయొచ్చు, లేదా ఓవర్‌రైడ్‌లో స్కోప్‌ని స్టార్ కాల్ లెవెల్ చేయొచ్చు. స్టార్ జాబ్ స్కోప్ పెడితే కూడా పనిచేస్తుంది గానీ, తీసేసేదాకా జాబ్ మొత్తం మీద ఉండిపోతుంది. తర్వాత తీసే ఇంకో రిపోర్ట్ కూడా అటే పోయి కొత్త ఫిర్యాదు తెస్తుంది. అందుకే దాన్ని నేను సిఫారసు చేయను.

పై ప్రోగ్రామ్ ముందే ఓవర్‌రైడ్ ఇచ్చిందా? ఒకే ఫైల్‌కి పైనున్న ప్రోగ్రామ్, అది పిలిచిన ప్రోగ్రామ్ రెండూ అవుట్ క్యూ మారిస్తే పై ప్రోగ్రామ్ మాటే నెగ్గుతుంది. చివరగా ఇచ్చిందే చెల్లుతుందని అనుకోవడం పొరపాటు. పైదాన్ని అడ్డుకోవాలంటే కింద ఇచ్చే ఓవర్‌రైడ్‌లో సెక్యూర్ పారామీటర్ యెస్ చేయండి.

7. బ్యాచ్‌లో పడ్డాక దారి మారితే

ముందుగా ఒకటి గుర్తుంచుకోండి: సబ్మిట్ చేసే జాబ్‌లో ఇచ్చిన ఓవర్‌రైడ్ బ్యాచ్ జాబ్‌కి వెళ్లదు. ఓవర్‌రైడ్ రాసి కింద సబ్మిట్ జాబ్ రాస్తే ఆ ఓవర్‌రైడ్ వృథా. దాన్ని బ్యాచ్‌లో నడిచే సీఎల్ లోపలికి మార్చాలి.

సబ్మిట్ జాబ్ కమాండ్‌లో అవుట్ క్యూ డిఫాల్ట్ స్టార్ కరెంట్. అంటే సబ్మిట్ చేసిన జాబ్ క్యూనే వస్తుంది. యూజర్ పారామీటర్‌లో వేరే యూజర్‌ని ఇచ్చినా క్యూ మాత్రం సబ్మిట్ చేసినవారిదే. ఆ యూజర్ క్యూ కావాలంటే అవుట్ క్యూ దగ్గర స్టార్ యూజర్ ప్రొఫైల్ అని రాయాలి.

జాబ్ షెడ్యూల్ ఎంట్రీలది ఇంకో ఇబ్బంది. అక్కడ అవుట్ క్యూ పారామీటర్ లేదు, దాన్ని జాబ్ డిస్క్రిప్షన్, యూజర్ ద్వారానే ఇవ్వాలి. రాత్రి నడిచే జాబ్‌కి వర్క్ స్టేషన్ ఉండదు కాబట్టి ప్రొఫైల్‌లో స్టార్ వర్క్ స్టేషన్ అని ఉంటే సిస్టమ్ ప్రింటర్‌కి పోతుంది. షెడ్యూల్ జాబ్‌ల కోసం ప్రత్యేక జాబ్ డిస్క్రిప్షన్ చేసి, అందులో అవుట్ క్యూ పేరు రాయండి.

బ్యాచ్ జాబ్ ముగిశాక దాని ఓవర్‌రైడ్‌లు చూడలేరు. పరీక్షకి ఒక మంచి ఉపాయం ఉంది. ప్రోగ్రామ్‌ని పిలిచే లైన్‌కి సరిగ్గా ముందు డిస్‌ప్లే ఓవర్‌రైడ్ కమాండ్‌ని అవుట్‌పుట్ స్టార్ ప్రింట్‌తో పెట్టండి. ఆ క్షణంలో అమల్లో ఉన్న ఓవర్‌రైడ్‌లన్నీ స్పూల్ ఫైల్‌గా మిగులుతాయి.

8. సరైన క్యూలో ఉంది, ప్రింట్ కావడం లేదు

వర్క్ అవుట్ క్యూ కమాండ్‌తో క్యూ తెరిచి పైన స్టేటస్ చూడండి.

- క్యూ హోల్డ్‌లో ఉంటే రిలీజ్ చేయండి.
- ఆర్ఎల్ఎస్ అని మాత్రమే ఉండి పక్కన డబ్ల్యూటీఆర్ లేకపోతే రైటర్ నడవడం లేదు. ప్రింటర్ డివైస్ అయితే స్టార్ట్ ప్రింటర్ రైటర్, రిమోట్ అవుట్ క్యూ అయితే స్టార్ట్ రిమోట్ రైటర్ కమాండ్ ఇవ్వండి.
- రైటర్ మెసేజ్ కోసం ఆగి ఉంటే ఎక్కువసార్లు ఫారం టైప్ కారణం. స్పూల్ ఫైల్‌లోని ఫారం టైప్ మారినప్పుడు కొత్త కాగితం పెట్టమని రైటర్ అడుగుతుంది. కాగితం సరిచూసుకుని జి అని జవాబివ్వండి.
- ఐపీఎల్ (సిస్టమ్ రీస్టార్ట్) తర్వాతే సమస్య మొదలైతే స్టార్టప్ ప్రోగ్రామ్‌లో రిమోట్ రైటర్లు మొదలుపెట్టే లైన్ ఉందో లేదో చూడండి.

రిమోట్ అవుట్ క్యూలో స్పూల్ ఫైల్ మాయమైందంటే అవతల అందుకున్నారని అర్థం, కాగితం వచ్చిందని కాదు. ఐపీ అడ్రస్, రిమోట్ ప్రింటర్ క్యూ పేరు సరిచూడండి. ప్రింటర్‌కి పింగ్ వెళుతున్నా ఎల్‌పీఆర్ (నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతి) వాడే 515 పోర్ట్‌ని ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు, నెట్‌వర్క్ టీమ్‌ని అదే అడగండి. కాగితం మీద పిచ్చి అక్షరాలు వస్తుంటే ట్రాన్స్‌ఫార్మ్, మాన్యుఫాక్చరర్ మోడల్ పారామీటర్లు చూడాలి.

9. శాశ్వతంగా ఎక్కడ సరిచేయాలి

తప్పు ఏ స్థాయిలో ఉందో ఆ స్థాయిలోనే మార్చండి. ఒక్క యూజర్ సమస్యకి ప్రింటర్ ఫైల్ మార్చొద్దు. ఒక్క రిపోర్ట్ సమస్యకి ప్రొఫైల్ మార్చొద్దు. సిస్టమ్ వాల్యూ జోలికి అసలు వెళ్లొద్దు.

ప్రింటర్ ఫైల్‌ని ఛేంజ్ ప్రింటర్ ఫైల్‌తో మారిస్తే, రేపు ఎవరైనా డీడీఎస్ సోర్స్ (ఫైల్ నిర్వచనం రాసి ఉన్న మూలం) నుంచి మళ్లీ కంపైల్ చేయగానే ఆ మార్పు పోతుంది. కంపైల్ సూచనల్లో కూడా రాసిపెట్టండి. క్యూసిస్ లైబ్రరీలోని క్యూసిస్‌పీఆర్‌టీ లాంటి ఐబీఎమ్ ఫైళ్లను నేరుగా మార్చకండి, రిలీజ్ అప్‌గ్రేడ్‌లో ఆ మార్పులు పోవచ్చు. కాపీ చేసుకుని మీ లైబ్రరీలో వాడండి.

మార్చేముందు లైబ్రరీ లిస్ట్ (జాబ్ ఏ లైబ్రరీల్లో ఏ వరసలో వెతుకుతుందో) కూడా చూడండి. అదే పేరుతో టెస్ట్ లైబ్రరీలో ఇంకో ప్రింటర్ ఫైల్ ఉండి, అది ముందు దొరుకుతుంటే మీరు మార్చిన ఫైల్‌ని ఎవరూ వాడటం లేదన్నమాట.

10. టికెట్ మూసేముందు

- ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా జాబ్ దారి సరిగా ఉందా? యూజర్ జాబ్‌లో డిస్‌ప్లే లైబ్రరీ లిస్ట్‌ని స్టార్ ప్రింట్‌తో ఇచ్చి, స్పూల్ ఫైల్ ఏ క్యూలో పడిందో చూడండి.
- రిపోర్ట్‌ని ఒకే సెషన్‌లో వరసగా రెండుసార్లు, రెండు వేర్వేరు ప్రింటర్లకి తీశారా?
- ఇంటరాక్టివ్‌గా, బ్యాచ్‌లో రెండు విధాలా పరీక్షించారా?
- సైన్ ఆఫ్, సైన్ ఆన్ తర్వాత కూడా అదే ఫలితమా?
- పరీక్ష కోసం పెట్టిన సేవ్ యెస్, డిస్‌ప్లే ఓవర్‌రైడ్ లైన్లు తీసేశారా?
- తప్పు క్యూలో మిగిలిన స్పూల్ ఫైళ్లను యూజర్‌ని అడిగి తరలించారా, లేదా డిలీట్ చేశారా? ఇన్వాయిస్‌లు, చెక్కులు అయితే అడగకుండా రిలీజ్ చేయొద్దు, రెండోసారి ప్రింట్ అవుతాయి.